మిల్లు షెడ్డులోకి వెళ్తే ఏం చూడాలి, ఎవర్ని ఏం అడగాలి

స్పిన్నింగ్ మిల్లులోనో లూమ్ షెడ్డులోనో పనిచేసేవాళ్ళ ఆరోగ్యం ఎలా ఉందో తెలుసుకుందామని బయల్దేరేవాళ్ళలో ఎక్కువమంది చేసే పని ఒకటే, ఆఫీసులో కూర్చుని సిక్ లీవుల రిజిస్టర్ అడుగుతారు, ఇంకొంచెం ఓపికున్నవాళ్ళు మెడికల్ క్యాంపు పెట్టించి అందరికీ ఛాతీ ఎక్స్‌రే తీయిస్తారు. రిజిస్టర్‌లో జలుబు, జ్వరం, ఒంట్లో బాలేదు అని ఉంటుంది, ఎక్స్‌రేలో నార్మల్ అని వస్తుంది, ఇంకేముంది, అంతా బాగానే ఉందని రాసేసి వచ్చేస్తారు. మిల్లు జబ్బులు అలా దొరకవండి. పనిచేసే మనిషి నోటి నుంచి వినాలి, ఆ మనిషి రోజంతా ఎక్కడ నిలబడుతున్నాడో మన కళ్ళతో చూడాలి, ఈ రెండూ లేకుండా ఎన్ని కాగితాలు తిరగేసినా లాభం లేదు. రెండొందల ఏళ్ళ మిల్లుల చరిత్ర చూసినా ఇదే కనపడుతుంది, ఎవరో ఒకరు షెడ్డులోకి వెళ్ళి సరైన ప్రశ్న అడిగినప్పుడల్లా విషయం బయటపడింది, అడగనన్నాళ్ళూ మరుగునే ఉండిపోయింది. యూనియన్‌లో కొత్తగా తిరుగుతున్నవాళ్ళకి, కొత్త సేఫ్టీ ఆఫీసర్లకి, ప్రాజెక్ట్ చేసే స్టూడెంట్స్‌కి, మిల్లులోనే ఉండి నాకేంటి ఇలా అవుతోంది అనుకునేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

మొదట అడగాల్సింది వారం సంగతి. దగ్గుందా, ఆయాసం ఉందా అని అడిగితే అందరూ ఆ ఉంది లెండి అంటారు, దాంతో ఏమీ తేలదు. అలా కాకుండా "వీక్లీ ఆఫ్ అయ్యాక మళ్ళీ డ్యూటీకి వచ్చిన మొదటి రోజు ఛాతీ ఎలా ఉంటుంది, మర్నాడు ఎలా ఉంటుంది" అని అడగండి. పత్తి దుమ్ము వల్ల వచ్చే బిస్సినోసిస్ అనే జబ్బుకి గుర్తు ఇదే, సెలవు తర్వాత వచ్చిన రోజే ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది, అదీ షిఫ్ట్‌లో అడుగుపెట్టగానే కాదు, కొన్ని గంటలు గడిచాక మొదలవుతుంది, రెండో రోజుకి తగ్గుతుంది, వారం చివరికి ఏమీ ఉండదు. మామూలు జలుబుకీ టీబీకీ వారం లెక్క తెలీదు కదా. ఒక జాగ్రత్త, వీక్లీ ఆఫ్ అందరికీ ఒకే రోజు ఉండని మిల్లులు చాలా ఉంటాయి కాబట్టి సోమవారం అని అడగొద్దు, ఎవరి ఆఫ్ ఏ రోజో కనుక్కుని దాని మర్నాడు గురించి అడగండి, లేకపోతే జవాబులన్నీ కలగాపులగం అయిపోతాయి.

ఈ సంగతి కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. 1700లోనే ఇటలీలో రమజ్జీని అనే డాక్టర్ అవిసె నార, జనపనార దువ్వేవాళ్ళు దుమ్ముకి దగ్గుతూ ఉంటారని రాశాడు, రోగిని చూసేటప్పుడు నువ్వు ఏం పని చేస్తావు అని కూడా అడగాలని డాక్టర్లకి చెప్పింది కూడా ఆయనే. 1831లో మాంచెస్టర్‌లో జేమ్స్ కే అనే డాక్టర్ నూలు మిల్లుల వాళ్ళ ఛాతీ జబ్బుని వేరేగా గుర్తించి రాశాడు. 1845లో బెల్జియంలోని గెంట్ ఊళ్ళో మరెస్కా, హేమన్ అనే ఇద్దరు డాక్టర్లు నేరుగా మిల్లు వర్కర్లని అడిగితే, వారం మొదట్లో దుమ్ము బాధ ఎక్కువ, చివరికొచ్చేసరికి తక్కువ అని చెప్పారంట. చూడండి, 1845కే వర్కర్లకి తెలుసు. బిస్సినోసిస్ అని పేరు పెట్టడానికి 1877 దాకా పట్టింది, పెట్టినాయన అడ్రియెన్ ప్రూస్ట్ అనే ఫ్రెంచ్ డాక్టర్. ఆ తర్వాత 1950ల్లో ఇంగ్లండ్‌లో నూలు మిల్లులకి పేరున్న లాంకషైర్‌లో రిచర్డ్ షిల్లింగ్ అనే ఆయన ఇదే వారం ప్రశ్నని ఒక పద్ధతిలో పెట్టి గ్రేడ్లు చేశాడు, ఇప్పటికీ పనికొచ్చేవి అవే. సెలవు మర్నాడు అప్పుడప్పుడు ఛాతీ పట్టేస్తే గ్రేడ్ సగం, ప్రతి వారం ఆ రోజు పట్టేస్తే గ్రేడ్ 1, మిగతా రోజుల్లో కూడా ఉంటే గ్రేడ్ 2, దానికి తోడు ఊపిరితిత్తుల శక్తి శాశ్వతంగా పడిపోతే గ్రేడ్ 3. నోట్‌బుక్‌లో మనిషి పేరు అక్కర్లేదు, డిపార్ట్‌మెంట్, ఎన్నేళ్ళ సర్వీసు, ఈ గ్రేడ్, ఈ మూడు రాసుకుంటే చాలు, యాభై అరవై మందిని అడిగేసరికి ఏ డిపార్ట్‌మెంట్‌లో మూలుగుతోందో మీకే కనపడిపోతుంది.

కొత్తగా చేరినవాళ్ళని ఇంకో ప్రశ్న కూడా అడగండి, చేరిన మొదటి రోజుల్లో చలిజ్వరం లాంటిది వచ్చిందా అని. మిల్లు జ్వరం అంటారు దీన్ని, కొన్నాళ్ళకి అదే పోతుంది, అలవాటైపోయింది అనుకుంటారు. ఇది వస్తోందంటే మాత్రం గాల్లో దుమ్ము బాగానే ఉందని అర్థం చేసుకోవచ్చు.

ఇప్పుడు ఎక్స్‌రే సంగతి. బిస్సినోసిస్‌కి ఎక్స్‌రేలో ప్రత్యేకంగా కనపడే మచ్చ ఏదీ లేదు, రాతి దుమ్ముతో వచ్చే సిలికోసిస్‌కి ఉన్నట్టు ఉండదు. అందుకే క్యాంపు పెట్టి ఎక్స్‌రే తీసి ఎవరికీ ఏమీ లేదు అన్నారంటే ఆ మాటకి విలువ లేదు. కావాల్సింది ఊదే టెస్ట్, స్పైరోమెట్రీ, అదీ ఒక్కసారి ఊదిస్తే చాలదు. కనీసం 35 గంటలు దుమ్ముకి దూరంగా ఉండి వచ్చిన రోజున షిఫ్ట్ మొదలయ్యే ముందు ఒకసారి, షిఫ్ట్‌లోకి దిగిన 4 నుంచి 10 గంటల మధ్యలో ఇంకోసారి ఊదించాలి, మొదటి సెకనులో ఎంత గాలి బయటికొచ్చిందో రెండిట్లో పోల్చాలి. అమెరికాలో కాటన్ డస్ట్ రూల్ ప్రకారం ఇది 5 శాతం గానీ 200 మిల్లీలీటర్లు గానీ పడిపోతే ఆ మనిషిని ఏడాదికోసారి కాకుండా ఆరు నెలలకోసారి చూడాలి. వారం మధ్యలో మధ్యాహ్నం పూట ఒక్కసారి ఊదించి నార్మల్ అని రాసిన రిపోర్ట్ ఎవరైనా చూపిస్తే, ఏ రోజు తీశారు, ఎన్నింటికి తీశారు అని మర్యాదగానే అడగండి.

సరే, ఇక షెడ్డు. పత్తి నడిచే వరసలోనే నడవండి, బేళ్ళు విప్పే దగ్గర్నుంచి మొదలుపెట్టి పత్తిని దులిపే బ్లో రూమ్, దువ్వే కార్డింగ్, పీచుని సాగదీసే డ్రా ఫ్రేమ్, సింప్లెక్స్, దారం వడికే రింగ్ ఫ్రేమ్, దారం చుట్టే వైండింగ్ దాకా. ఎందుకంటే దుమ్ము కూడా అదే వరసలో తగ్గుకుంటూ వస్తుంది. జబ్బు చేసేది దూది పీచు కాదు, పత్తితో పాటు వచ్చే ఆకు ముక్కలు, కాయ పొట్టు, వాటి మీద పెరిగే బ్యాక్టీరియా నుంచి వచ్చే ఎండోటాక్సిన్ అనే విషం, అవన్నీ రాలిపోయేది మొదటి రెండు మూడు చోట్లే. పాత లాంకషైర్ మిల్లుల్లో అందరికంటే ఎక్కువ దగ్గింది కార్డింగ్ రూమ్‌లో మెషీన్ పళ్ళలో ఇరుక్కున్న చెత్తని పీకి, ఆ పళ్ళకి సాన పెట్టేవాళ్ళు. వేస్ట్ రూమ్ మర్చిపోవద్దు, ఎవరూ చూపించరు దాన్ని, మిల్లంతా వదిలేసిన చెత్త అక్కడే చేరుతుంది, అక్కడ ఒకరో ఇద్దరో మాస్క్ కూడా లేకుండా కూర్చుని ఉంటారు.

దుమ్ముని ఎలా చూడాలంటే, గాల్లో తేలే పెద్ద పెద్ద దూది పింజెల్ని చూసి భయపడకండి, అవి ముక్కులోనే ఆగిపోతాయి, చిరాకు తప్ప పెద్ద ప్రమాదం లేదు. లోపలికి వెళ్ళేది కంటికి కనపడనిది. దానికో చిన్న చిట్కా, గట్టి ఫోకస్ ఉన్న టార్చ్ తీసుకెళ్ళి, కార్డింగ్ మెషీన్ పక్కన లైట్లు కొంచెం తక్కువున్న చోట నిలబడి, టార్చ్ వెలుగు మీ వైపు వచ్చేలా ఎవరినైనా అవతల పట్టుకోమని, బల్బు నేరుగా కళ్ళలో పడకుండా చెయ్యి అడ్డం పెట్టి ఆ వెలుగు చారలోకి చూడండి. అప్పటిదాకా శుభ్రంగా ఉందనుకున్న గాలి పొగలాగా కదులుతూ కనపడుతుంది, ఎక్కడినుంచి లేస్తోందో, సక్షన్ ఎక్కడ లాగుతోందో, ఎక్కడ లాగకుండా మనిషి మొహం మీదకే వస్తోందో కూడా తెలిసిపోతుంది. ఇది కొలత కాదు, కొలవాలంటే మెషీన్ ఉండాలి. అమెరికాలో 1978లో వచ్చిన రూల్‌లో ఎనిమిది గంటల సగటున నూలు తయారీలో క్యూబిక్ మీటర్‌కి 200 మైక్రోగ్రాములు, వేస్ట్ హౌస్‌లో 500, నూలుకి గంజి పట్టించే సైజింగ్‌లో, నేతలో 750 దాటకూడదు అని పెట్టారు. మిల్లువాళ్ళు డస్ట్ రిపోర్ట్ చూపిస్తే ఈ అంకెలు పక్కన పెట్టుకుని చదవండి, ఏ పద్ధతిలో కొలిచారు, మెషీన్ ఎక్కడ పెట్టారు అనేవి కూడా చూడండి, ఆఫీసు గుమ్మం దగ్గర పెట్టి కొలిస్తే ఎంతైనా తక్కువే వస్తుంది.

ఆ రూల్ ఊరికే రాలేదు లెండి. 1960ల దాకా ఈ జబ్బు ఇంగ్లండ్‌లో ఉంటే ఉండొచ్చు గానీ మా దగ్గర లేదు అనే మాటే అమెరికాలో నడిచింది. 1975లో కరోలినా రాష్ట్రాల్లో మిల్లుల నుంచి రిటైరైనవాళ్ళు, ఊపిరాడక పని మానేసినవాళ్ళు కలిసి బ్రౌన్ లంగ్ అసోసియేషన్ పెట్టుకున్నారు, బ్రౌన్ లంగ్ అంటే అక్కడ బిస్సినోసిస్‌కి వాడుక పేరు, హియరింగులకి వెళ్ళి దగ్గుకుంటూనే మాట్లాడారు. రూల్ వచ్చాక కంపెనీలు కోర్టుకెళ్ళాయి, ఖర్చుకి తగ్గ లాభం ఉందా లేదా లెక్క కట్టాలన్నాయి, 1981లో సుప్రీంకోర్టు ఆ లెక్క అక్కర్లేదు, చెయ్యగలిగినంత మేర వర్కర్ ఆరోగ్యం కాపాడాల్సిందే అని చెప్పింది. తమాషా ఏంటంటే దుమ్ము తగ్గించడానికి పెట్టిన కొత్త మెషీన్లతో ప్రొడక్షన్ కూడా పెరిగింది.

మాస్కుల గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మేనేజ్‌మెంట్ మాస్కులతో మొదలుపెట్టిందంటే అక్కడ అసలు పని మొదలవ్వలేదన్నమాట. మెషీన్‌కి మూత, దానికి సక్షన్, ఫిల్టర్లు టైముకి మార్చడం, ఇవి ముందు. ఆ వేడిలో ఆ తేమలో ఎనిమిది గంటలు బిగుతైన మాస్క్ పెట్టుకుని ఎవరూ ఉండలేరు, గుడ్డ కట్టుకుంటే సన్న దుమ్ము ఆగదు. మాస్క్ తప్పనిసరి అయ్యే పనులు కొన్ని ఉన్నాయి, ఫిల్టర్ బ్యాగులు దులపడం, డక్ట్ క్లీనింగ్, వేస్ట్ రూమ్, అక్కడ మాత్రం మంచి రెస్పిరేటర్ కావాల్సిందే. షిఫ్ట్ మారే టైములో తప్పకుండా అక్కడే ఉండండి, ఎందుకంటే క్లీనింగ్ అప్పుడే జరుగుతుంది, ఎయిర్ పైప్ పట్టుకుని మెషీన్ మీద, నేల మీద, ఆఖరికి ఒంటిమీద బట్టల మీద కూడా కొట్టేస్తారు, రోజంతా కింద పేరుకున్నది అంతా ఆ పావుగంటలో మళ్ళీ గాల్లోకి లేస్తుంది, సరిగ్గా అప్పుడే కొత్త షిఫ్ట్ వాళ్ళు లోపలికి వస్తుంటారు. ఇది మార్చడానికి పెద్ద ఖర్చు లేదు, వ్యాక్యూమ్‌తో తీయించి, ఎయిర్ పైప్ తప్పనిసరైన చోట మిగతావాళ్ళు బయట ఉన్నప్పుడు కొట్టించాలి, అంతే.

బీడీ సిగరెట్ తాగుతారు కాబట్టే దగ్గు అనే మాట ఎలాగూ వస్తుంది. పొగ తాగితే జబ్బు ముదురుతుంది, నిజమే, మానమని చెప్పండి. కానీ తాగనివాళ్ళకి కూడా సెలవు మర్నాడు ఛాతీ పడుతోందా అని విడిగా లెక్క తీయండి, వాదన అక్కడితో ఆగిపోతుంది.

లూమ్ షెడ్డులో చెవుల సంగతి. దారం కండెని మోసుకుంటూ అటూ ఇటూ పరిగెత్తే షటిల్ ఉన్న మగ్గాలు నడిచే షెడ్డులో శబ్దం 100 డెసిబెల్స్ దగ్గర్లో ఉంటుంది. 85 దగ్గర ఎనిమిది గంటలు ఉండొచ్చనుకుంటే ప్రతి 3 డెసిబెల్స్‌కి టైము సగం అవుతూ వస్తుంది, 100 దగ్గరకొచ్చేసరికి పావుగంటే. మీటర్ లేకపోతే, చెయ్యి చాపినంత దూరంలో నిలబడ్డ మనిషితో మామూలు గొంతుతో మాట్లాడి చూడండి, గొంతు పెంచితే గానీ వినపడట్లేదంటే 85 దాటిందనే అనుకోవచ్చు. లాంకషైర్ నేత షెడ్డుల్లో ఆడవాళ్ళు పెదాలు పెద్దగా కదిపి సైగలతో మాట్లాడుకునేవాళ్ళు, షెడ్డు ఆ చివర నుంచి ఈ చివరకి కబుర్లు నడిచేవి, చదవడానికి సరదాగా ఉంటుంది గానీ చెవులు పోయి నేర్చుకున్న విద్య అది. మీరు వర్కర్లని అడగాల్సింది చెవులు బాగా వినపడతాయా అని కాదు, బాగానే వినపడతాయి అనే అంటారు. డ్యూటీ దిగాక చెవుల్లో గుయ్‌మంటుందా, ఎంతసేపుంటుంది, ఇంట్లోవాళ్ళు టీవీ సౌండ్ తగ్గించమంటారా, నలుగురు ఒకేసారి మాట్లాడితే అర్థమవుతుందా, ఇలా అడగండి. ఒకప్పుడు షటిల్ కన్నంలోంచి దారాన్ని నోటితో పీల్చి లాగేవాళ్ళు, ఒకే షటిల్ నలుగురి నోళ్ళలో తిరిగేది, క్షయ భయంతో మసాచుసెట్స్‌లో 1911లో దాన్ని ఆపుతూ చట్టం తెచ్చారు. ఇప్పుడు షటిల్ లేని మగ్గాలు వచ్చాక అది పోయింది గానీ శబ్దం పోలేదు.

షెడ్డులో ఉక్కపోత చూసి ఇదేంటి కిటికీలు తెరవచ్చుగా అనిపిస్తుంది. దారం పొడిబారితే తెగుతుంది, అందుకని తేమ కావాలి, ఇది ఎప్పట్నుంచో ఉన్న గొడవే, అమెరికాలోని లోవెల్ మిల్లుల్లో కిటికీలకి మేకులు కొట్టేసేవాళ్ళు, లాంకషైర్‌లో షెడ్డులోకి నేరుగా ఆవిరి వదిలేవాళ్ళు, తేమ ఎంత దాటకూడదో చెప్తూ బ్రిటన్‌లో 1889లో చట్టమే తేవాల్సొచ్చింది. కాబట్టి తేమ ఉందా అని కాదు, లోపలికొచ్చే గాల్లో బయటి తాజా గాలి ఎంత, ఉన్నదే ఎంత తిప్పుతున్నారు, హ్యూమిడిఫికేషన్ ప్లాంట్‌లో నీళ్ళ తొట్టి ఎప్పుడు కడిగారు అని అడగండి. ఆ తొట్టి ఒక్కసారి తొంగి చూడండి, గోడలకి జిగటగా పాకుడు పట్టి ఉంటే అదే నీటి తుంపర షెడ్డంతా పీలుస్తోందని అర్థం. సైజింగ్‌లో గంజి సంగతి కూడా ఇలాంటిదే, చింతగింజల పిండితో సైజింగ్ చేసిన నూలు నేసేవాళ్ళకి దగ్గు పట్టుకున్న సందర్భాలు ఉన్నాయి, బూజు పట్టిన నూలు అయితే మరీను.

నూనె, రంగుల గురించి క్లుప్తంగా. నూలు వడికే పాత మ్యూల్ మెషీన్ల మీద వంగి పనిచేసేవాళ్ళ ప్యాంట్లు రోజూ మినరల్ ఆయిల్‌తో తడిసేవి, వాళ్ళకి వృషణాల సంచి మీద చర్మ క్యాన్సర్ వస్తోందని 1922లో మాంచెస్టర్ డాక్టర్లు బయటపెట్టారు, బ్రిటన్‌లో రూల్స్ మాత్రం 1953కి గానీ రాలేదు. ఈ ముప్పై ఏళ్ళలో చెయ్యాల్సింది పెద్దదేమీ కాదు, శుద్ధి చేసిన నూనె, చిందకుండా అడ్డు, మార్చుకోవడానికి ఉతికిన బట్టలు. కాబట్టి మీరు వెళ్ళిన చోట డ్యూటీ బట్టలు ఎవరు ఉతుకుతున్నారో అడగండి, నూనె బట్టలు దుమ్ము బట్టలు ఇంటికెళ్తున్నాయంటే ఇంట్లోవాళ్ళు కూడా లెక్కలోకి వస్తారు. డైయింగ్‌లో అయితే రంగుల పేర్లు కాకుండా వాటి సేఫ్టీ షీట్లు అడగండి, బెంజిడిన్ అనే రసాయనంతో చేసినవి మూత్రాశయ క్యాన్సర్ తెస్తాయి.

పని గంటల గురించి చరిత్ర అందరూ చెప్తారు, బ్రిటన్‌లో 1802లో అప్రెంటిస్ పిల్లలకి రోజుకి 12 గంటలు దాటకూడదన్నారు, అది చూసేవాడు లేక కాగితం మీదే ఉంది, 1833లో ఇన్‌స్పెక్టర్లని పెట్టాకే చట్టానికి పళ్ళు వచ్చాయి, అదీ దేశం మొత్తానికి నలుగురే. ఇండియాలో 1881 చట్టం ఏడేళ్ళ పిల్లల్ని కూడా తొమ్మిది గంటలు పనిచెయ్యనిచ్చింది, బొంబాయి మిల్లు వర్కర్లకి వారానికో సెలవు రావడానికి కార్మిక నాయకుడు లోఖండే లాంటివాళ్ళు కొట్లాడితే 1890 అయింది. మీకు పనికొచ్చే పాయింట్ ఏంటంటే గంటలు ఎన్ని అని బోర్డు చూసి రాసుకోవద్దు. షిఫ్ట్ మీద షిఫ్ట్ ఎవరు చేస్తున్నారు, నెలలో ఎన్ని, రిలీవర్ రాకపోతే ఎవరు ఆగుతారు, నైట్ షిఫ్ట్ చివరి రెండు గంటల్లో ఎన్ని దెబ్బలు తగిలాయి, ఇవి అడగండి. దెబ్బల రిజిస్టర్ ఒక్కటి మాత్రం టైము కాలమ్ చూస్తూ చదవండి, నిజాలు అందులో కొంచెం దొరుకుతాయి. నడుస్తున్న మెషీన్‌ని తుడవడం పిల్లలతో చేయించకూడదని, గేర్లకీ షాఫ్టులకీ కంచె ఉండాలని 1844 నాటి చట్టంలోనే ఉంది, అయినా ఇప్పటికీ వేళ్ళు పోయేది చాలాచోట్ల అక్కడే, మెషీన్ ఆపితే ప్రొడక్షన్ పోతుందని గార్డ్ తీసి నడుస్తుండగానే దూది చుట్టలు పీకుతారు. సూపర్‌వైజర్ పక్కన లేనప్పుడు అడగండి, ఆపితే ఎవరేమంటారు అని.

ఇంకొకటి, చాలామంది వదిలేసేది. షెడ్డులో ఉన్నవాళ్ళనే అడిగితే ఇంకా పనిచెయ్యగలిగినవాళ్ళే దొరుకుతారు, ఊపిరాడనివాళ్ళు ఎప్పుడో మానేసి ఇంట్లో ఉంటారు, అందుకే పాతికేళ్ళ సర్వీసు ఉన్నాయన నాకేం లేదు అన్నాడంటే ఆ డిపార్ట్‌మెంట్ బాగున్నట్టు కాదు. ఆయనతో పాటు చేరినవాళ్ళు ఎవరు, ఎంతమంది ఉన్నారు, పోయినవాళ్ళు ఎందుకు పోయారు అని అడిగి వాళ్ళ ఇళ్ళకి వెళ్ళండి. మెట్లెక్కుతుంటే ఆగాల్సొస్తుందా, పడుకుంటే ఎన్ని దిండ్లు కావాలి అని అడగండి. పాత పే స్లిప్పులు, ఐడీ కార్డులు, డిపార్ట్‌మెంట్ మారినప్పటి ఆర్డర్లు ఉంటే ఫొటో తీసి పెట్టుకోమనండి, ఎందుకంటే నష్టపరిహారం దగ్గర మెలిక ఎప్పుడూ అక్కడే పడుతుంది. బ్రిటన్‌లో 1940ల మొదట్లో వచ్చిన మొదటి బిస్సినోసిస్ స్కీమ్ ఫలానా రూముల్లో 20 ఏళ్ళు చేసిన మగవాళ్ళకే ఇచ్చారు, అదే దుమ్ము పీల్చిన ఆడవాళ్ళు లెక్కలోకి రాలేదు. ఇప్పుడు అంతర్జాతీయ కార్మిక సంస్థ ఐఎల్ఓ వృత్తి రోగాల జాబితాలో ఈ జబ్బు ఉంది గానీ, ఏ రూమ్‌లో ఎన్నేళ్ళు చేశారో చూపించే కాగితం లేకపోతే వయసొచ్చింది, ఆస్తమా అనేస్తారు. కాగితం లేనివాళ్ళయితే అదే రూమ్‌లో చేసిన ఇద్దరు ముగ్గురి చేత ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా, ఏ మెషీన్ మీద అని రాయించి, కింద సంతకాలు, తేదీ వేయించండి.